ఇద్దరు లాగే రంపం

చాగన కరకపురం ఇనుప సంతలో అడుగుపెట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

సంతంటే అలాంటి ఇలాంటి సంత కాదు. మూడు రాజ్యాల సరిహద్దులు కలిసే ఎర్రమట్టి దిబ్బ మీద కనుచూపు మేరంతా ఇనుమే. ఒక వరసలో నాగటి కర్రులు, గునపాలు, కొడవళ్ళు రాసులు పోసి ఉన్నాయి. ఇంకో వరసలో ఏనుగుల సంకెళ్ళు కొండచిలువల్లా చుట్టలు చుట్టుకుని పడుకున్నాయి. నడిబొడ్డున పట్టుగొడుగుల నీడలో, పులితోళ్ళ మీద కూర్చుని పూల ఉక్కు బేహారులు మీసాలు దువ్వుకుంటున్నారు. ఆ ఉక్కు పలకల నిండా ఏటి అలల్లాంటి గీతలు మెలికలు తిరిగి, ఎండ తగిలినప్పుడల్లా వెండిగా, నీలంగా, ఊదాగా మెరుస్తున్నాయి. కత్తి పట్టడం తెలిసిన వాడెవడూ ఆ మెరుపు ముందు ఒక్క క్షణం ఆగకుండా పోలేడు. సమ్మెట దెబ్బలు, బేరగాళ్ళ కేకలు, గాడిదల ఓండ్రలు కలిసి చెవులు గింగురుమంటున్నాయి.

అంత రొదా చాగన నడిచిన దారిలో మాత్రం ఠక్కున ఆగిపోయేది. అతను దాటిపోయాక మళ్ళీ మొదలయ్యేది.

కారణం అతని మెడలోని గంట. చిన్న రాగి గంటే, కాని దానికి నాలుక లేదు. మెడకు బిగించిన రాగి కంటెకు దాన్ని కరిగించి అతికారు. ఊడదీయాలంటే తల ఊడదీయాలి. అలాంటి గంట ఉన్నవాడితో ఎవ్వరూ మాట్లాడకూడదు. దాన్ని నోటివెలి అంటారు. మాట్లాడితే ఆ మాట్లాడినవాడి మెడలోనూ అలాంటిదే పడుతుంది. మూడు రాజ్యాలూ నీటికోసం, నేలకోసం ఏటేటా కొట్టుకునేవి గాని, ఈ ఒక్క శిక్ష విషయంలో మాత్రం అన్నదమ్ముల కంటే సఖ్యంగా ఉండేవి.

ఏడాది కిందటిదాకా చాగన రజతకూటం కోటకు ఉత్తరద్వారం కావలివాడు. ఒకనాటి సాయంత్రం రాజుగారి మేనత్త మైలాంబ పల్లకీ కోట లోపలినుంచి ద్వారం దగ్గరికి వచ్చింది. ఆవిడే తెర తొలగించి, తల బయటపెట్టి, "గడియ తియ్యరా" అంది. తీశాడు. పల్లకీ పొలిమేర దాటిందో లేదో ఆవిడ మొహం మైనంలా కరిగిపోయి మాంత్రికుడు ధూమజటి మొహం బయటపడిందట. అసలు మైలాంబ నోట్లో గుడ్డలు కుక్కి ఉండగా అదే పల్లకీలో పడి ఉందట. బోయీలు ప్రాణాలు అరచేత పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఈ మాట చెప్పారు. రాజుగారి కోపం మాంత్రికుడిదాకా పోలేదు. ద్వారం దగ్గరే ఆగిపోయింది.

నోటివెలి తీరాలంటే ఒకటే దారి. శిక్ష వేసిన రాజవంశపు రక్తం ఉన్నవాళ్ళెవరైనా పేరుపెట్టి పిలవాలి. రాజుగారు పిలవరు. ఆయనకు పిల్లలు లేరు, తోబుట్టువులు లేరు. ఇక ఆ వంశంలో మిగిలింది మైలాంబ ఒక్కతే. అందుకే చాగన ఆవిడను వెతుక్కుంటూ బయలుదేరాడు. ఆవిడను కాపాడాలన్న తపన అతనిలో నిజంగానే ఉంది. ఆవిడ నోటివెంట తన పేరు వినాలన్న ఆశ అంతకంటే ఒక పిసరు ఎక్కువే ఉంది.

మొదట్లో అతనే మాట్లాడేవాడు. దారిలో ఎదురైనవాళ్ళను పలకరించేవాడు. వాళ్ళు చెట్టువైపో గోడవైపో చూస్తూ నడిచిపోయేవారు. ఆ తరవాత కాకులతో మాట్లాడాడు. కొన్నాళ్ళకు తన గొంతు తనకే పరాయివాడి గొంతులా వినపడి భయమేసింది. అంతటితో నోరు కట్టేసుకున్నాడు. అన్నం లేకపోతే మనిషి ఎలా ఎండిపోతాడో మాట లేకపోయినా అలాగే ఎండిపోతాడని అతనికి ఆ ఏడాదిలో బాగా తెలిసొచ్చింది.

చాటునుంచి విన్న మాటలను బట్టి మైలాంబ ఉన్న చోటు మాత్రం తెలిసింది. ధూమజటి ఆవిడను చిగుళ్ళ కోనలో బంధించాడు. కోట కిందనుంచి పోయే సొరంగం దారి చెప్పమని అడుగుతున్నాడు. ఆవిడ చెప్పనన్న ప్రతిసారీ ఆవిడ ఒంటిమీద మరో జానెడు మేర చెట్టుబెరడు కమ్ముకుంటోంది. ఊళ్ళో వంట దగ్గర్నుంచి యుద్ధం దాకా తెలిసిన ప్రతి మాటా ఎదురుపడ్డ ప్రతి మనిషికీ చెప్పే మైలాంబ, ఈ ఒక్కమాట మాత్రం చెప్పడం లేదు. బెరడు కళ్ళదాకా పాకితే ఆవిడ ఇక మనిషి కాదు, మాను.

ఆ కోన మహిమ విచిత్రమైనది. చెట్టునుంచి తెగిన కర్ర ఏదైనా సరే, లోపల అడుగుపెట్టగానే చిగురిస్తుంది. రజతకూటం సేన భేరీలు మోగించుకుంటూ పోయింది. ఈటెల కర్రలు ఆకులు తొడిగాయి. బాణాలు గాలిలో ఉండగానే వేళ్ళు దించి వెదురుపొదలై నేల దిగాయి. కత్తుల పిడులు అరచేతుల్లోనే కొమ్మలు వేశాయి. సేనలో సగంమంది కొమ్మల్లో చిక్కుకుపోయారు, సగంమంది పారిపోయి వచ్చారు. అందుచేత ఆ కోనకు పోయేవాడికి కావలసింది పిడి లేని ఆయుధం. మొన నుంచి మొదలుదాకా ఒకే ఉక్కు ముక్కలో చేసిన విసురుకత్తి.

వెలివాడికి ఏ కమ్మరీ కొలిమి వెలిగించడు. అందుకని కత్తులు తనే చేసుకోవాలి. ఉక్కు తనే కొనుక్కోవాలి. కొనడానికి అతని దగ్గర ఉన్నదల్లా కావలికొలువు నాటి వెండి దండకడియం ఒక్కటే.

చాగన పూల ఉక్కు ముందు ఆగి, కళ్ళారా చూసి, నిట్టూర్చాడు. ఆ దండకడియానికి అందులో గోరంత కూడా రాదు. అయితే అతనికో సంగతి గుర్తొచ్చింది. తోటి కావలివాడొకడు పూల ఉక్కు బాకు చేయించుకుని, ఊరంతా చూపించుకుని, ఒకరోజు బురుజు మీదనుంచి జారవిడిచాడు. రాతిమీద పడి అది జంతికలా విరిగింది. చేత పట్టి కొయ్యడానికి దానికి సాటి లేదు గాని, విసిరే కత్తి సంగతి వేరు. విసిరేవాడు ఎంత మొనగాడైనా గురి తప్పుతూనే ఉంటాడు, తప్పిన కత్తి రాయినే తాకుతుంది. మరీ గట్టి ఉక్కు పగులుతుంది. మరీ మెత్తని ఇనుము వంగి ఊరుకుంటుంది. కొనలేని సరుకులో లోపం కనిపెట్టడం ఎవరికైనా సులువే. కాని ఈసారి ఆ లోపం నిజంగానే ఉంది.

కొడవళ్ళు చూశాడు. వాటికి అంచున మాత్రమే ఉక్కు, వెనకంతా పచ్చి ఇనుము. సంకెళ్ళ ఇనుము మరీ మెత్తన. నాగటి కర్రులు సాగగొట్టాలంటే ఇద్దరు సమ్మెటగాళ్ళు కావాలి. అలా చూసుకుంటూ చూసుకుంటూ సంత చివర పాత సామాన్ల వరసకు చేరాడు.

అక్కడ తుప్పు ఇనుము గుట్ట వెనక ఒక నడివయసు ఆడమనిషి కూర్చుని ఉంది. పక్కనే ఒక గాడిద. చాగన ఆగడం చూసి పక్క దుకాణంవాడు గాభరాగా కేకేశాడు.

"ఓ బయ్యమ్మా! నీ కొట్టుకాడ నిలబడ్డది వెలివాడే! నోరు జాగర్త!"

"నా నోరు నా గాడిదతోనే గానీ మనుషులతో ఎప్పుడు తెరిచానయ్యా?" అంది బయ్యమ్మ. అని, గాడిద వైపు తిరిగింది. "ఏమే సింగారీ! బేరమొచ్చిందే. ఇదిగో, ఈ పట్టా చూడు. బండిచక్రం పట్టా అని ఎవరన్నా అంటే నమ్మమాక. రాజుగారి బల్లెం కొట్టంగా మిగిలిన ఉక్కు. నీకు గాబట్టి చవగ్గా ఇస్తన్నా."

చాగన ఆ పట్టా అందుకున్నాడు. బూడిద పెట్టి తోమినట్టున్నారు, మొహం కనపడుతోంది. మోకాలికి ఆనించి రెండు చేతులతో నొక్కాడు. అది కొడవలిలా వంగి, అలాగే ఉండిపోయింది. అతను దాన్ని మళ్ళీ ఆవిడ ముందు పెట్టాడు.

బయ్యమ్మకు నవ్వాగలేదు. "అబ్బో సింగారీ! ఈసారి కళ్ళున్నవాడు తగిలాడే! పోన్లే, ఎదుక్కోమను. నా గుట్టలో బంగారం లేదు గానీ మిగతాయన్నీ ఉన్నయ్యి."

చాగన గుట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. విరిగిన గునపం తీసి గులకరాయితో కొట్టి విన్నాడు. పలకలేదు. పాత కత్తి ముక్క తీశాడు, దాని నడుమ సన్నగా నెర్రె ఉంది. కవచం రేకు తీశాడు, అది అరిటాకు కంటే పలచన. ఎండ వీపు కాల్చేస్తోంది. అడుక్కంటా చెయ్యి పోనిచ్చేసరికి పొడుగాటి పలక ఒకటి తగిలింది. లాగితే రంపం పలక. అంచున పళ్ళు అరిగిపోయాయి. రెండు కొసలా పిడులు బిగించే బెజ్జాలున్నాయి.

దాన్ని రెండు చేతులా పట్టి విల్లులా వంచాడు. వంగింది. వదిలాడు. ఝుయ్యిమని మోగి తిన్నగా నిలబడింది. మళ్ళీ వంచాడు, మళ్ళీ నిలబడింది. మొలలోంచి ఆకురాయి తీసి ఓ మూల గీశాడు. ఆకురాయి గాజుమీద జారినట్టు జారలేదు, సీసంలో దిగినట్టు దిగలేదు. పట్టీ పట్టనట్టు పట్టింది. తను ఇన్నాళ్ళూ వెతుకుతున్న ఉక్కు ఇదే.

బయ్యమ్మ నవ్వు ఆగిపోయింది.

"అది అమ్మేది కాదే సింగారీ," అంది. మళ్ళీ తనే, "సర్లే, అమ్మేదే. ఇంట్లో పెట్టుకుని నేనేం జేసుకుంటా? అది ఇద్దరు లాగే రంపం. ఒక కొస నేను పట్టేదాన్ని, ఒక కొస ఆయన పట్టేవాడు. రాజుగారి సేనకు దారి కొట్టడానికి కోనలోకి రమ్మంటే పోయాడు, రాలా. రంపం పిడులకు చిగుళ్ళొచ్చి ఊడిపోయినయ్యంట. పలక ఒక్కటే ఎవరో తెచ్చిచ్చారు. ఒక్కదాన్నే కూర్చుని ఎంత లాగినా అది తెగదు గదంటే?" అంది.

గాడిద చెవులాడించింది. చాగనకు ఆవిడతో ఏదో ఒక మాట అనాలనిపించింది. అంటే ఆవిడ జవాబు చెప్పకుండా ఉండలేదేమో, చెబితే ఆవిడ మెడలోనూ గంట పడుతుందేమో అని పెదవులు బిగించుకున్నాడు.

ఇక బేరం. కరకపురంలో బేరం నోటితో చెయ్యరు. పక్కవాడికి ధర తెలియకూడదని తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. వేళ్ళకు నోరుందని మూడు రాజ్యాల చట్టాల్లోనూ ఎక్కడా లేదు. బయ్యమ్మ తువ్వాలు పరిచి, కిందనుంచి చెయ్యి చాపింది. చాగన చెయ్యి కలిపాడు.

గరుకు చెయ్యి, వెచ్చని చెయ్యి. ఏడాదిగా అతన్ని మనిషన్నవాడు ముట్టుకోలేదు. ఆ వెచ్చదనం భుజందాకా పాకింది.

ఆవిడ దండకడియం మొత్తం అడిగింది. అతను మొత్తం ఇవ్వడానికి సిద్ధపడే వచ్చాడు. కాని సరేనంటే చెయ్యి వదలాలి. అందుకని సగమే ఇస్తానని వేళ్ళు నొక్కాడు. ఆవిడ కాదంది. అతను ఇంకా తగ్గించాడు. ఏ బేరంలోనైనా ఇది చూసి ఎదుటివాళ్ళు తువ్వాలు విసిరికొడతారు. ఆవిడ అతని మొహం ఒకసారి పరికించి చూసి, తనూ తగ్గించింది. అతను పెంచాడు. ఆవిడ వద్దని మళ్ళీ తగ్గించింది. కొనేవాడు పెంచుతూ, అమ్మేది తగ్గిస్తూ ఆ బేరం ఎండ పక్కకు వాలేదాకా సాగింది. పక్క దుకాణంవాడు ఇంత కష్టమైన బేరం తన జన్మలో చూడలేదని ముక్కున వేలేసుకున్నాడు.

చివరికి సగం కడియానికి తెగింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని, పలకను గోనెలో చుడుతూ గాడిదతో అంది: "వెలి తీరాలన్నోడు ఆ చిగుళ్ళ కోనకే పోవాల గదా, ఒకమాట చెబ్తా ఇనుకోవే. ఆ కోనలో గుడ్డిపులి ఉందంట. దానికి చేటలంత చెవులు. పిట్ట అరిచినా, బండ పడినా దానికి ఇనపడదు. మనిషి గొంతు ఒక్కటే ఇనపడుద్ది. పోయినోళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు కేకేసుకునే పోయారు. నువ్వు మాత్రం నోరెత్తమాక తల్లీ. మా తల్లివి గదూ, భద్రంగా తిరిగి రా."

చాగన తలవంచి నమస్కరించాడు. గాడిదకే నమస్కరించాడని చూసినవాళ్ళు అనుకున్నారు.

ఊరికి దూరంగా, ఏటిగట్టున పాడుపడ్డ సున్నపు బట్టీ ఒకటి ఉంది. చాగన అందులో బొగ్గులు పోసి, మేకతోలు తిత్తి అమర్చి కొలిమి పెట్టుకున్నాడు. కొలిమి పని కూడా ఇద్దరు మనుషుల పనే. ఒకరు తిత్తి ఊదాలి, ఒకరు సుత్తి వెయ్యాలి. అతను తిత్తి తొక్కి తొక్కి ఉక్కు ఎర్రబడగానే పరిగెత్తి సుత్తి అందుకునేవాడు. నాలుగు దెబ్బలు వేసేసరికి అది నల్లబడేది. మళ్ళీ తిత్తి దగ్గరికి పరుగు. ఎవరైనా చూస్తే పిచ్చివాడు తనలో తనే దాగుడుమూతలు ఆడుకుంటున్నాడనుకునేవారు.

అంతా అయ్యేసరికి గన్నేరాకు ఆకారంలో నాలుగు కత్తులు తేలాయి. పిడి లేదు, పూత లేదు. బారెడు దూరం నుంచి చూస్తే నిజంగా ఆకులే. ఇక మిగిలింది నీరు పట్టడం, అంటే ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచడం.

ఇక్కడే చాగన చెయ్యకూడని పని చేశాడు. రజతకూటంలో ఒక ఆచారముంది. కొత్త ఆయుధాన్ని ఎర్రగా కాల్చి, పారే నీళ్ళలో ముంచుతూ, దానికి తన పేరు వినిపించాలి. అప్పుడే అది యజమానిని ఎరుగుతుందట. పెద్ద ఖడ్గాలకు అది చెల్లుతుంది. సన్నని రంపపుటుక్కుకు చన్నీళ్ళు పనికిరావు. ఏ కమ్మరివాడైనా ఆ సంగతి చెప్పేవాడే, అతనితో మాట్లాడి ఉంటే.

చాగన మొదటి కత్తిని పట్టకారుతో పట్టి ఏట్లోకి దిగాడు. కత్తి కోసం కాదు, ఒక్కసారి ఆ పేరు వినాలని ఉండి గట్టిగా అరిచాడు.

"చాగన!"

అవతలి కొండ ఆ పేరు అందుకుని తిరిగి పిలిచింది. ఆ పిలుపు వింటూ అతను కత్తి ముంచాడు. నీళ్ళు బుస్సుమన్నాయి. వెంటనే లోపల టిక్కుమని చిన్న చప్పుడైంది. తీసి చూస్తే మొన నుంచి నడుమదాకా పగులు.

ఆ పగిలిన కత్తి పట్టుకుని చాగన ఏటి ఒడ్డున కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. కత్తి పోయినందుకు కొంత, కొండ తప్ప తన పేరు పిలిచేవాళ్ళు లేనందుకు ఎంతో.

ఏడుపు తీరాక లేచి మొహం కడుక్కున్నాడు. దీపానికి దాచుకున్న ఆముదమంతా మట్టిమూకుట్లో పోసి వెచ్చబెట్టాడు. మిగిలిన మూడింటినీ పేరూ ఊరూ చెప్పకుండా అందులో ముంచాడు. ఒక్కటీ పగలలేదు. తరవాత పెళుసుదనం పోయేందుకు వేడి ఇసక మీద పరిచి, పక్కన కూర్చుని, రెప్ప వెయ్యకుండా చూశాడు. ఉక్కు మీద ముందు ఎండుగడ్డి రంగు పాకింది, ఆ వెనక వంకాయ రంగు, దాని వెనక నెమలి మెడ రంగు. ఆ రంగు రాగానే తీసేశాడు. రాతి సందులో మొన దూర్చి వంచితే వంగి, వదిలితే నిలబడ్డాయి. ఎండిన తాటిమొద్దు మీద విసిరి విసిరి, చెయ్యి వాచి, గురి కుదిరేదాకా అతను అక్కడినుంచి కదలలేదు.

చిగుళ్ళ కోనకు చేరిన ఉదయం మంచు అప్పుడే విడుస్తోంది. ఎంత అందమైన చోటంటే, అంత అందం చూసి భయం వేసేటట్టుంది. లోయ నిండా లేత ఎరుపు, లేత పసుపు చిగుళ్ళు. వరసలు కట్టి నిలబడ్డ టేకు చెట్లన్నీ ఒకప్పటి ఈటెలే. వాటి కొమ్మల చివర ఈటె మొనలు ఇంకా తళతళలాడుతున్నాయి. రథమొకటి పూలతో విరగబూసి, నాలుగు చక్రాలూ నాలుగు కదంబ వృక్షాలై నిలబడి ఉంది. తేనెటీగలు ఝుమ్మంటున్నాయి. ధూమజటి పగలంతా గుహలో నిద్రపోతాడని, కోనను పులికి అప్పగించి పోతాడని పారిపోయి వచ్చిన సైనికులు చెప్పుకోగా చాగన విన్నాడు.

పొలిమేర రాయి దగ్గర అతను కర్రతో చేసినవన్నీ ఒంటిమీదనుంచి తీసేశాడు. పాంకోళ్ళు విడిచాడు. మెడలోని పూసల దండ తెంపాడు. దువ్వెన పారేశాడు. తోలుపట్టీలో మూడు కత్తులు దోపుకుని లోపల అడుగు వేశాడు.

ఎనిమిది అడుగులు వేశాడో లేదో చెవి దగ్గర ఏదో గిలిగింత పెట్టింది. పొద్దున పళ్ళు తోముకుని, అలవాటు కొద్దీ చెవి సందున దోపుకున్న వేపపుల్ల! అది చిటపటమంటూ ఆకులు వేసింది. వేలెడు పుల్ల క్షణంలో చేయంత కొమ్మయింది. వేళ్ళు జుట్టులో అల్లుకుని, వీపు మీదుగా జారి నేలలోకి దిగాయి. చాగనను మెడ పట్టి వెనక్కి విరిచి నేలకు కట్టేశాయి. అరుద్దామని నోరు తెరిచి, పులి గుర్తొచ్చి పెదవి కొరుక్కున్నాడు. కత్తి లాగి, జుట్టుతో సహా వేళ్ళను తెగనరికాడు. ఆఖరి వేరు తెగింది గాని, ఉబ్బిపోతున్న మాను ఆ కత్తిని గుటుక్కున మింగేసింది. పళ్ళు తోముకున్న పాపానికి ఒక కత్తి పోయింది.

ఇంకా ముందుకు పోతే లోయ చీలిక. అవతలికి తీగల వంతెన. నడుమకు వచ్చేసరికి వంతెనకే ప్రాణం వచ్చి మెలితిరిగింది. లావుపాటి తీగ ఒకటి అతని కాలిని చుట్టి తలకిందులుగా వేలాడదీసింది. దాని మొదలు ఎదుటి కొండరాతిలో ముడిలా ఉబ్బి కొట్టుకుంటోంది. చాగన వేలాడుతూనే విసిరాడు. గురి తప్పింది. కత్తి రాయికి తాకి, వంగి, ఖంగుమని ఎగిరి వెనక్కి వచ్చి తీగల మధ్య చిక్కుకుంది. పూల ఉక్కయితే పొడిపొడి అయ్యేదే. చెయ్యి సాచి అందుకుని చూస్తే మొన కూడా వంగలేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ విసిరాడు. ఈసారి ముడిలో నిలువునా దిగింది. తీగ గిలగిలా కొట్టుకుని పట్టు వదిలింది. చాగన ఊగి అవతలి గట్టున పడ్డాడు. వంతెన, దానితోపాటు కత్తీ లోయలోకి రాలిపోయాయి.

ఇక మిగిలింది ఒకే కత్తి. వెనక్కి పోవడానికి దారి కూడా లేదు.

గట్టు మీద విశాలమైన పచ్చిక. దాని నడుమ ఒక తెల్లని చెట్టు. దాని మొదట్లో గుడ్డిపులి నిద్రపోతోంది. బొమికలు తేలిన పెద్ద ఒళ్ళు. కళ్ళుండాల్సిన చోట నున్నటి చర్మం. బయ్యమ్మ చెప్పినట్టే చేటలంత చెవులు, ఊపిరి తీసినప్పుడల్లా కదులుతున్నాయి. చాగన ఎండుటాకులు తొక్కుతూనే దాన్ని చుట్టి వెళ్ళాడు. అది కదలలేదు. ఏడాది మౌనం మొదటిసారి అతనికి పనికొచ్చింది.

చెట్టెక్కాడు. పంగలో బెరడు మధ్యనుంచి రెండు కళ్ళు అతన్ని చూశాయి. మైలాంబ. ముక్కు దాకా మాను అయిపోయింది. నోరున్న చోట బెరడు దట్టంగా పట్టుకుపోయింది. అతన్ని చూడగానే ఆ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

చాగన కత్తి మొన బెరడు కిందికి పోనిచ్చి మెల్లగా పైకెత్తాడు. కత్తి వంగుతోంది, మళ్ళీ నిలబడుతోంది, బెరడు పేడులు పేడులుగా ఊడి వస్తోంది. గడ్డం బయటపడింది. పెదవులు బయటపడ్డాయి. వెంటనే అతను వేలు తన పెదవుల మీద పెట్టుకుని, కిందనున్న పులిని చూపించాడు. తనకు ఒక్క మాట కావాలని ఏడాదిగా తపించిపోయినవాడు, ఆ మాట ఇవ్వగలిగిన ఒకే ఒక్క మనిషిని మాట్లాడవద్దని బతిమాలుకుంటున్నాడు. తన గతికి తనకే ఏడుపొచ్చింది.

మైలాంబకు అర్థమైంది. సరేనన్నట్టు రెప్పలు ఆర్పింది. అతను ఆవిడ భుజం మీది బెరడు తొలగించడానికి ముందుకు వంగాడు. అప్పుడు ఆవిడ చూపు అతని మెడ మీద పడింది. నాలుక లేని గంటను చూసింది. చిక్కిపోయిన దవడలు చూసింది. అదేమిటో, ఎన్నాళ్ళ నుంచో, ఎవరివల్లనో ఆ రాచబిడ్డకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆవిడ పెదవులు తెరుచుకున్నాయి. చాగన కంగారుగా తల అడ్డంగా ఊపాడు. వద్దు, వద్దు అని కళ్ళతోనే దణ్ణం పెట్టాడు.

"ఒరే చాగనా!" అంది మైలాంబ. కోనంతా మారుమోగింది. "నీకా రా ఈ గంట కట్టిందీ? నీకా? మా చాగనకా? చాగనా! నిన్నేరా, చాగనా!"

కింద పులి చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. అది లేచి, ముందుకాళ్ళు చెట్టుకు ఆనించి, గొంతు వచ్చిన వైపు నోరు తెరిచింది. దాని ఊపిరి మైలాంబ మొహానికి తగులుతోంది. ఆవిడకు బెరడులోంచి కదలడానికి వీల్లేదు.

చాగనకు భయం వెయ్యలేదు. తన పేరు తప్ప అతనికి ఇంకేమీ వినపడలేదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుండగా కొమ్మ మీదనుంచి అవతలి వైపుకు, పచ్చిక నడిమికి దూకాడు. కత్తి మొన వేళ్ళ మధ్య పట్టుకుని, వెనక్కి అడుగులు వేస్తూ, తుప్పు పట్టిన గొంతు చించుకుని అరిచాడు.

"చిత్తం పెద్దదొరసానీ! ఇక్కడే ఉన్నానండీ! మీరిక ఒక్క మాట కూడా అనొద్దు తల్లీ, నేను మాట్లాడతా! ఏడాది మాటలున్నాయి నా దగ్గర!"

పులి చెట్టును వదిలి ఇటు తిరిగింది. చాగన మాట్లాడుతూనే, దాని తెరిచిన నోటికి గురి చూసి కత్తి ఎత్తాడు. అది అతని గొంతు మీదికే దూకింది.